ఫోర్‌హ్యాండ్ చేతిలో లేదు... కాళ్లలో ఉంది!

పోయిన ఏడాది ఒక సోమవారం పొద్దున. లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టబోతే కుడి మణికట్టు చురుక్కుమంది. చిటికెన వేలి వైపు. కాఫీ గ్లాసు ఎత్తితే నొప్పి. బండి యాక్సిలరేటర్ తిప్పితే నొప్పి. తలుపు గొళ్లెం తీస్తే నొప్పి. మదనపల్లెలో ఎముకల డాక్టర్ దగ్గరికి పోతే ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఏం పని చేస్తావు?"

"సాఫ్ట్‌వేర్ సార్."

"ఏమైనా ఆడతావా?"

"టెన్నిస్ సార్."

ఆయన నవ్వలేదు. "రెండిట్లో ఒకటే గదా నీకు తిండి పెట్టేది? మూడు వారాలు రాకెట్ ముట్టుకోవద్దు. మళ్లీ ఆడేటప్పుడు ఎట్లా కొడతా ఉండావో చూసుకో" అన్నాడు.

ఎట్లా కొడుతున్నానో నాకు బాగా తెలుసు అనుకున్నా. ఎందుకంటే ఆరు నెలలుగా నేను చేసిన పని అదే. రాత్రిపూట ఫోన్‌లో పెద్ద ఆటగాళ్ల ఫోర్‌హ్యాండ్ స్లోమోషన్ వీడియోలు చూడడం, శని ఆదివారాలు ఆ చెయ్యిని కాపీ కొట్టడం. రాకెట్ వెనక్కి వంగి, కొరడాలాగా ముందుకొచ్చే ఆ మణికట్టు ఉంది చూశారా... దాని వెంట పడ్డాను. చివరికి నా మణికట్టే పోయింది.

మూడు వారాలు ఖాళీగా కూర్చున్నప్పుడు తెలిసింది. వీడియోలో నేను చూడాల్సిన చోటు చూడలేదు. నాలాగే మన చిన్న ఊళ్లలో కోచ్ లేకుండా ఫోన్ చూసి టెన్నిస్ నేర్చుకుంటున్న వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే ఇది.

సానియాకి ఆయుధమూ అదే, గాయమూ అక్కడే

తెలుగు నేల మీద ఫోర్‌హ్యాండ్ అంటే ముందు గుర్తొచ్చే పేరు సానియా మీర్జా. ప్రపంచంలో ఎవరి మీదైనా విన్నర్ కొట్టగలిగిన ఫోర్‌హ్యాండ్ అది. చిన్నప్పుడు హైదరాబాద్‌లో తాను ఆడటం మొదలుపెట్టింది పేడతో అలికిన కోర్టుల్లో అని ఆమే చెప్పుకుంది. అక్కడి నుంచి 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టిన తొలి భారత మహిళ అయింది. 2007లో సింగిల్స్ ర్యాంకింగ్‌లో 27వ స్థానానికి చేరింది.

మరుసటి ఏడాదే కుడి మణికట్టు మొరాయించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఆపరేషన్ జరిగింది. 2009 జనవరిలో తిరిగొచ్చి మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచిందనుకోండి, అది వేరే కథ. తర్వాత సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే నిలబడి, 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మొత్తం 6 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు.

అర్జెంటీనా ఆటగాడు డెల్ పొట్రోది కూడా ఇలాంటి కథే. భయంకరమైన ఫోర్‌హ్యాండ్‌తో 2009 యూఎస్ ఓపెన్ ఫైనల్‌లో ఫెదరర్‌ని ఓడించాడు. 2010లో కుడి మణికట్టుకి ఆపరేషన్. ఆ సీజన్ దాదాపు మొత్తం పోయింది.

వీళ్ల టెక్నిక్ తప్పని కాదు నేను చెప్పేది. రోజుకి వందల బంతుల్ని అంత బలంతో ఏళ్ల తరబడి కొడితే, ఆ బరువు చివరికి వచ్చి ఆగే చోటు మణికట్టు. వెనక ట్రైనర్లు, ఫిజియోలు ఉన్నవాళ్లకే అలా అయితే, వారమంతా కీబోర్డు మీద చేతులు పెట్టి ఆదివారం నేరుగా కోర్టులోకి దిగే మన సంగతేంటి?

షటిల్ చెయ్యి, క్రికెట్ చెయ్యి

మన ఊళ్లలో నేరుగా టెన్నిస్‌తో మొదలుపెట్టేవాళ్లు తక్కువ. పుంగనూరులో నేను పెరిగింది గల్లీ క్రికెట్‌లో. స్పోర్ట్స్ షాపుకి పోయి "టెన్నిస్ బాల్ ఇవ్వన్నా" అంటే ఇప్పటికీ క్రికెట్ ఆడే బంతే తీసి చేతిలో పెడతారు. మదనపల్లెలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు సాయంత్రాలు షటిల్. ఉద్యోగం వచ్చాక బెంగళూరులో ఆఫీసు వాళ్లతో కలిసి టెన్నిస్. ఇప్పుడు ఇంటి నుంచే పని కాబట్టి మళ్లీ పుంగనూరు.

ఇందులో ఇబ్బంది ఏంటంటే, క్రికెట్‌లో ఫ్లిక్, షటిల్‌లో స్మాష్ రెండూ మణికట్టుకి పని చెప్పేవే. షటిల్ కాక్ బరువు సుమారు 5 గ్రాములు. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు. అంటే పది రెట్లకు పైనే. షటిల్ రాకెట్ 80, 90 గ్రాములుంటే టెన్నిస్ రాకెట్ 300 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఐదు గ్రాముల వస్తువుని కొట్టడానికి అలవాటు పడిన మణికట్టుతో అరవై గ్రాముల బంతిని ఎదుర్కొంటే ఏమవుతుందో నా ఎక్స్‌రే ఫీజు చెబుతుంది.

మరి వీడియోలో పెద్దవాళ్ల మణికట్టు అంతలా వంగుతోంది కదా అంటారా? దీనికి జవాబు ఆర్టీసీ బస్సులో ఉంది. బస్టాండులో నిలబడి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే, నిలుచున్న వాళ్లంతా వెనక్కి వాలతారు. ఎవరూ కావాలని వాలరు. కింద బస్సు ముందుకు పోయింది, పైన ఒళ్లు వెనకబడింది, అంతే. ఫోర్‌హ్యాండ్‌లో కూడా ముందు కాళ్లు నేలని తోస్తాయి. తర్వాత నడుము, భుజం తిరుగుతాయి. బరువైన రాకెట్ వెనకబడుతుంది. ఆ వెనకబాటుకి వదులుగా ఉన్న మణికట్టు దానంతటదే వంగుతుంది. బస్సు కదలకుండా మనమే వెనక్కి విరుచుకుపడితే ఎలా ఉంటుందో, ఒళ్లు తిప్పకుండా మణికట్టు విరవడం అలా ఉంటుంది. నేను ఆరు నెలలు చేసింది అదే.

పైగా బంతి రాకెట్ తీగల మీద ఉండేది సెకనులో 200వ వంతు సేపు. ఆ కాస్తలో మణికట్టుతో మనం కొత్తగా చేయగలిగేది ఏమీ లేదు. జరగాల్సిందంతా అంతకుముందే జరిగిపోవాలి.

కుప్పంలో తగిలిన దెబ్బ

నొప్పి తగ్గాక మా మేనమామ కొడుకుని చూడ్డానికి కుప్పం పోయా. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా దారి. వాడు ఆడే చోట సిమెంట్ కోర్టు ఒకటుంది. అక్కడికి రోజూ పొద్దున ఒక రిటైర్డ్ టీచరు వస్తాడు. అరవై దాటుంటాయి. ఆయన ఫోర్‌హ్యాండ్ చూస్తే ఎవరూ వీడియో తీయరు. రాకెట్ వెనక్కి జానెడు కూడా పోదు. స్పిన్ అంతంత మాత్రం. కానీ ఒక్క బంతి తప్పదు. నన్ను 6-1తో పంపించాడు.

ఆట అయ్యాక నీళ్లు తాగుతూ అన్నాడు. "ఏం నాయనా, బంతి నీకాడికి వచ్చేదాకా నిలబడుకోని ఉండావు. వచ్చినాక చెయ్యి విసురుతా ఉండావు. దానికాడికి ముందు నువ్వు పోవాల. పోయినాక చేతికి పనేముంటాది?"

డాక్టరు చెప్పిందీ ఈయన చెప్పిందీ ఒకటేనని బస్సులో తిరిగొస్తుంటే అర్థమైంది. నేను ఆలస్యంగా చేరుకుంటున్నా. ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి మణికట్టు వాడుతున్నా. అంటే మణికట్టు తప్పు చేయడం లేదు, నా కాళ్లు చేయని పనికి జరిమానా కడుతోంది.

మనలాంటి వాళ్ల ర్యాలీలో బంతి అటు బేస్‌లైన్ నుంచి ఇటు రావడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. అందులో సగం మనం చూస్తూ నిలబడితే, మిగిలిన సగంలో పరిగెత్తడం, తిరగడం, కొట్టడం మూడూ చేయాలి. కుదరదు. ఆ టీచరు చేసేదల్లా మొదటి సగాన్ని వాడుకోవడమే.

గోడ, సుద్దముక్క, ఫోను

కోచ్ లేడు, కోర్టు దగ్గర్లో లేదు. మా వీధి చివర ఒక పొడుగాటి గోడ ఉంది. ఇంటివాళ్లని అడిగి సుద్దముక్కతో రెండు గీతలు గీశా. ఒకటి 3 అడుగుల ఎత్తులో, రెండోది 6 అడుగుల ఎత్తులో. నెట్ మధ్యలో 3 అడుగులే ఉంటుంది, రెండు చివర్ల మూడున్నర. ప్రతి బంతీ ఆ రెండు గీతల మధ్య తగలాలి.

ఉద్యోగంలో ఒకటి బాగా నేర్చుకున్నా. ఒకేసారి నాలుగు మార్పులు పెడితే, ఏది పగిలిందో ఎప్పటికీ తెలియదు. అందుకే రెండు వారాలకి ఒక్క మార్పు అని పెట్టుకున్నా. మొత్తం ఎనిమిది వారాలు.

ముందు పట్టు. ఇది మొదటి రోజే సరిచూసుకోవాల్సింది. రాకెట్ హ్యాండిల్‌కి ఎనిమిది ముఖాలుంటాయి. రాకెట్ అంచు నేల వైపు ఉండేలా నిలువుగా పట్టుకుంటే పైన ఉండేది ఒకటో ముఖం. అక్కడి నుంచి కుడిచేతి వాళ్లు కుడి వైపుగా లెక్కపెట్టాలి. చూపుడు వేలి మొదట్లో ఉండే కణుపు రెండో ముఖం మీద ఉంటే కాంటినెంటల్, మూడు మీద ఈస్టర్న్, నాలుగు మీద సెమీ వెస్టర్న్, ఐదు మీద వెస్టర్న్. కొత్తవాళ్లకి మూడు, నాలుగు మధ్యలో ఎక్కడైనా ఫర్వాలేదు. నేను వీడియోలు చూసి ఐదుకి పోయా. వెస్టర్న్, సెమీ వెస్టర్న్ పట్టు వాళ్లకి చిటికెన వేలి వైపు, ఈస్టర్న్ వాళ్లకి బొటన వేలి వైపు మణికట్టు గాయాలు ఎక్కువగా వస్తాయని స్పోర్ట్స్ డాక్టర్లు గమనించారు. నా నొప్పి ఏ వైపో మొదట్లోనే చెప్పా కదా. వెనక్కి వచ్చి ఈస్టర్న్ దగ్గర ఆగా. బిగించి పట్టుకోవడం కూడా మానేశా. చేతిలో పిచ్చుకపిల్ల ఉంటే ఎంత పట్టుకుంటామో అంత చాలు.

1, 2 వారాలు: కాళ్లు మాత్రమే. ఎదుటివాడు బంతిని కొట్టే క్షణానికి మనం ఒక చిన్న గెంతు వేయాలి. దీన్ని స్ప్లిట్ స్టెప్ అంటారు. రెండు పాదాలూ మునివేళ్ల మీద దిగితే ఎటైనా వెంటనే కదలొచ్చు. గోడ దగ్గరైతే బంతి గోడకి తగిలినప్పుడల్లా గెంతాలి. తర్వాత చిన్న చిన్న అడుగులతో సర్దుకోవాలి. ఈ రెండు వారాలూ నేను గట్టిగా కొట్టలేదు. సగం రోజులు రాకెట్ కూడా లేదు. గోడకి బంతి విసిరి, అది ఒకసారి నేల తాకి లేచాక, ఒళ్లుకి ముందు, నడుము ఎత్తులో కుడిచేత్తో పట్టుకోవడం. ఎక్కడ పట్టుకున్నామో అదే బంతిని కొట్టాల్సిన చోటు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. చేసి చూడండి, పదింట్లో ఎన్నిసార్లు ఒళ్లుకి పక్కనో వెనకో పట్టుకుంటారో తెలుస్తుంది. నేను మొదటి రోజు ఏడుసార్లు.

3, 4 వారాలు: భుజం. బంతి మన ఫోర్‌హ్యాండ్ వైపు వస్తోందని తెలియగానే, చేతిని వెనక్కి లాగకుండా రెండు భుజాల్నీ కలిపి తిప్పాలి. ఎడమ చెయ్యి రాకెట్ మెడ మీదే ఉంటే భుజం తిరగక చావదు. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా బాక్సులు లారీకి ఎక్కించే వాళ్లని ఒకసారి చూడండి. బాక్సు అందుకుని పక్కవాడికి ఇచ్చేటప్పుడు కాళ్లు కొంచెం వంగుతాయి, నడుము తిరుగుతుంది, చేతులు ఊరికే బాక్సు వెంట పోతాయి. మణికట్టుతో విసిరితే పది బాక్సులకే చెయ్యి పడిపోతుంది. వాళ్లకి ఎవరూ కోచింగ్ ఇవ్వలేదు. రోజంతా పని చేయాలి కాబట్టి ఒళ్లే నేర్చుకుంది.

5, 6 వారాలు: తాకే చోటు. బంతి ముందున్న కాలి మోకాలి కన్నా కొంచెం ముందు తగలాలి. ఒంటికి మరీ దగ్గరైతే మోచెయ్యి ఇరుక్కుంటుంది, దూరమైతే మణికట్టు సాగుతుంది. బంతిని మనమే వదిలి, లేచాక కొట్టడం దీనికి మంచి సాధన. గోడ నుంచి బంతి చాలా త్వరగా తిరిగొస్తుంది కాబట్టి 20, 25 అడుగుల దూరంలో నిలబడి, అవసరమైతే రెండు టప్పాలు పడనివ్వండి. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. మామూలు బంతికన్నా 25 శాతం నెమ్మదిగా పోయే గ్రీన్ బంతులు, 50 శాతం నెమ్మదిగా పోయే ఆరెంజ్ బంతులు నేర్చుకునే వాళ్ల కోసమే తయారుచేస్తున్నారు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

7, 8 వారాలు: కింద నుంచి పైకి. రాకెట్ బంతికన్నా కిందికి దిగి పైకి లేస్తే బంతి ముందుకు దొర్లుతూ పోతుంది. అదే టాప్‌స్పిన్. అలా తిరిగే బంతిని గాలి కిందికి నొక్కుతుంది. అందుకే నెట్‌కి మూడడుగుల పైనుంచి పోయినా కోర్టులోపలే పడుతుంది. బేస్‌లైన్ నుంచి నెట్‌కి 39 అడుగులు, అవతల మళ్లీ 39. అంత దూరంలో నెట్ అంచుని రాసుకుంటూ కొట్టాలనుకోవడం అత్యాశ. ఎత్తుగా కొట్టండి, స్పిన్ దించుతుంది. కొట్టాక రాకెట్ ఎడమ భుజం దాకా పోనివ్వండి. మధ్యలో బ్రేకు వేస్తే ఆ కుదుపంతా మణికట్టుకే.

ఫోన్‌లో ఎవర్ని చూడాలి?

నన్ను పాడుచేసింది ఫోనే, బాగుచేసిందీ ఫోనే. తేడా ఏంటంటే ఈసారి చూసింది నన్ను. నీళ్ల సీసాకి ఆనించి, నడుము ఎత్తులో, పక్క నుంచి స్లోమోషన్‌లో తీసుకోండి. రోజుకి రెండు నిమిషాలు చాలు. మూడే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, అటువైపు బంతిని కొట్టిన క్షణంలో నా కాళ్లు కదులుతున్నాయా, నేలకి అతుక్కున్నాయా?

రెండు, బంతి నెట్ దాటే లోపు నా భుజం తిరిగిందా?

మూడు, బంతి తాకినప్పుడు నా ఒంటికి ముందుందా, పక్కనుందా?

ఈ మూడింటికీ "అవును" వచ్చేదాకా మణికట్టు వైపు చూడొద్దు. పెద్ద ఆటగాళ్ల వీడియో చూడాలనిపిస్తే, స్క్రీన్ పై సగాన్ని చేత్తో మూసేసి కాళ్లు మాత్రమే చూడండి. ఇదేదో జోక్ అనుకోకండి, నేను నిజంగానే అలా చూశా. ఒక్క బంతికి వాళ్లు వేసే చిన్న అడుగులు లెక్కపెడితే దిమ్మ తిరుగుతుంది.

రాకెట్ సంగతి కూడా ఒక మాట. పాలియెస్టర్ తీగలు గట్టిగా ఉంటాయి, చేతికి కుదుపు ఎక్కువ. నొప్పి ఉన్నవాళ్లు మెత్తగా ఉండే మల్టీఫిలమెంట్ తీగలు వేయించుకుని, బిగువు కాస్త తగ్గించుకుంటే మేలు. వారానికి ఎన్నిసార్లు ఆడతామో ఏడాదికి అన్నిసార్లు తీగలు మార్చుకోవాలని ఆటగాళ్లలో ఒక లెక్కుంది. నేను బెంగళూరు పోయినప్పుడల్లా వేయించుకొస్తా. బంతులు కూడా చూసుకోండి. కొత్త బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిమెంట్ మీద వదిలితే 135 నుంచి 147 దాకా లేవాలి. ఇంట్లో అయితే తల ఎత్తు నుంచి వదలండి, నడుము దగ్గరికి రాకపోతే ఆ బంతిని గల్లీ క్రికెట్‌కి ఇచ్చేయండి.

ముందు చెడుతుంది, తర్వాతే బాగవుతుంది

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా. మార్పు మొదలుపెట్టిన నెల రోజులు నా ఆట ఇంకా నాశనమైంది. అంతకుముందు అప్పుడప్పుడూ పడే మెరుపు షాట్ కూడా పోయింది. నాలుగో వారంలో మా వాడితో ఆడితే వాడు నవ్వాడు. "బావా, ముందే బాగుండె గదరా" అన్నాడు. ఆ రాత్రి పాత చేతికి తిరిగి పోదామా అనిపించింది. ఎక్కువ మంది వదిలేసేది అక్కడే. పాత అలవాటు పోయి కొత్తది రాని ఆ మధ్య కాలంలో స్కోరు చూడొద్దు. గోడ మీద గీతల మధ్య ఎన్ని పడ్డాయో అది చూడండి. నాకు మొదటి వారం 20కి 7 పడ్డాయి. ఎనిమిదో వారానికి 15.

ఇంకొకటి. నొప్పి వారం పది రోజులకి మించి ఉంటే ఇలాంటి వ్యాసాలు చదువుతూ కూర్చోవద్దు. డాక్టర్‌కి చూపించుకోండి. స్ప్రే కొట్టుకుని ఆడటం ధైర్యం కాదు. నేను అలా రెండు నెలలు ఆడాను కాబట్టే మూడు వారాల విశ్రాంతి వచ్చింది.

పోయిన నెల మళ్లీ కుప్పం పోయా. అదే కోర్టు, అదే టీచరు. మళ్లీ ఓడిపోయా. ఈసారి 6-4. పదో గేమ్‌లో ఒక బంతికి ముందుగానే చేరుకుని, తిరిగి, కొట్టాను. అది ఆయన్ని దాటి మూలకి పోయి పడింది. ఆయన దాని వైపు చూడలేదు, నా కాళ్ల వైపు చూసి తల ఊపాడు.

మరుసటి రోజు సోమవారం. లాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, మీటింగ్‌లో చేరి, మధ్యాహ్నం దాకా పని చేసుకున్నా. అన్నం తినడానికి లేచినప్పుడు గానీ గుర్తు రాలేదు, నాకు మణికట్టు ఒకటుందని.